కిలోమీటర్లు కాదు, నిమిషాలు లెక్కపెట్టండి

భార్య లేదా భర్త ఉద్యోగం కోసం ఊరు మారేవాళ్లు ఆఫీసుకు 10 కిలోమీటర్ల లోపు ఇల్లు చూసుకుంటే చాలని ఒక వ్యాసంలో రాశారు. దూరంతో పని లేదండీ, పట్టే సమయమే లెక్క. మ్యాప్‌లో ఊరికే వెతికితే ఆ క్షణం ట్రాఫిక్కే చూపిస్తుంది. బయల్దేరే సమయం మంగళవారం ఉదయం 8:30 అనీ, తిరుగుప్రయాణం సాయంత్రం 6 అనీ పెట్టి చూడండి. 35 నుంచి 60 నిమిషాలు అని వస్తే 60నే నమ్మండి.

పిల్లలుంటే ముందు బడిలో సీటు, ఆ తర్వాతే అద్దె ఒప్పందం. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. తీరా వెళ్తే ఆ తరగతిలో ఖాళీ ఉండదు. చిరునామాను బట్టి బడి కేటాయించే చోట్ల హద్దు వీధి మధ్యలోంచి పోవచ్చు. ఎదురింటి పిల్లలు వెళ్తున్నారు కదా అనుకోకండి. ఇంటి నంబరుతో సహా బడివాళ్లనే అడగండి, ఏజెంటును కాదు (అతనికి ఇల్లు అద్దెకు పోతే చాలు).

ఆ వ్యాసం అసలు పట్టించుకోనిది రెండో మనిషిని. ఉద్యోగం ఒకరిది, పగలంతా ఆ పేటలో ఉండేది ఇంకొకరు. కారు ఆఫీసుకు వెళ్లిపోయాక కిరాణా, మందుల షాపు, పిల్లల డాక్టరు, పార్కు 15 నిమిషాల నడకలో ఉన్నాయా? ఫుట్‌పాత్ మీద పిల్లల బండి తోయగలరా? నడిచి చూస్తేనే తెలుస్తుంది.

తొందరపడి కొనొద్దు. ప్రొబేషన్ పూర్తయ్యేదాకా అద్దెకే ఉండండి, మధ్యలో ఖాళీ చేసే వీలు ఒప్పందంలో రాయించుకోండి.