సవరణ: టిమోతీ ఎవాన్స్ కేసు

భార్యను చంపాడని ఎవాన్స్‌ను 1950లో లండన్‌లో ఉరి తీశారనీ, తర్వాత కోర్టు ఆ శిక్షను కొట్టేసిందనీ మొన్న రాశాను. రెండూ తప్పే. లాయర్ మిత్రుడొకరు చెబితే బ్రిటన్ కోర్టు తీర్పు చూశాను. భార్య, పసిపాప ఇద్దరి హత్యలూ మోపినా, ఉరి పడింది పాప హత్యకే. ప్రాసిక్యూషన్ తరఫున సాక్ష్యం చెప్పిన, అదే ఇంట్లో కింది వాటాలో ఉండే క్రిస్టీ అనే అతనే వరుస హంతకుడని 1953లో తేలింది. అతన్నీ ఉరి తీశారు.

ఎవాన్స్‌కు 1966లో దక్కింది రాణి క్షమాభిక్ష మాత్రమే. చెయ్యని నేరానికి క్షమాభిక్ష ఏమిటో! శిక్ష రద్దు కోసం కుటుంబం మళ్లీ కోర్టుకెక్కింది. అతను నిర్దోషేనని 2004లో హైకోర్టు అంగీకరించింది కానీ, ఖర్చు దండగంటూ కేసును అప్పీలు కోర్టుకు పంపనివ్వలేదు.