మా ఆఫీసు ప్లైవుడ్ పార్టిషన్‌కు బహిరంగ లేఖ

పార్టిషన్ గారికి,

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో ఓ మామూలు ప్లీడరు నమస్కరించి వ్రాయునది ఏమనగా, తమరు అర అంగుళం మందం కూడా లేరు. అయినా లోపల నా క్లయింటుకూ, బయట బెంచీ మీద కూర్చున్న లోకానికీ మధ్య ఉన్నది తమరొక్కరే.

క్లయింటు కుర్చీ ముందుకు లాక్కుని గొంతు తగ్గిస్తాడు. బయట ఒరియావాళ్ళున్నారని తెలుగులో గొణుగుతాడు. తెలుగువాళ్ళేమోనని అనుమానం వస్తే ఒరియాలోకి మారతాడు. పాపం! ఇక్కడ టీ కుర్రాడికి రెండూ వచ్చు, కాస్త ఇక్కడి గిరిజనుల సవర కూడా వచ్చు. వాడుక భాష కోసం, సవర భాష కోసం గిడుగు రామమూర్తి గారు పాటుపడిన ఊరు మరి. నేను చేయగలిగిందల్లా ఫ్యాను 5లో పెట్టడం. ఆ కటకట చప్పుడే నా వృత్తి ధర్మం. కరెంటు పోతే అదీ పోతుంది.

చట్టానికి లోటు లేదు. 1872 నాటి సాక్ష్య చట్టంలో 126వ సెక్షన్‌గా ఉన్నది, 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 132 అయింది. క్లయింటు చెప్పింది అతని అనుమతి లేకుండా బయటపెట్టకూడదు, కేసు ముగిశాక కూడా. గుమాస్తాకూ, దుబాసీకీ ఇదే కట్టడి. పార్టిషన్ల ఊసు లేదు. తమరు బతికిపోయారు.

నేనూ తక్కువ తినలేదు లెండి. బార్ రూములో టీ తాగుతూ "పేరు చెప్పను గానీ" అని మొదలుపెడతాను. పేరు చెప్పను గానీ, పాతపట్నం రోడ్డులో రెండు షాపులు, ఈమధ్యే మోకాలి ఆపరేషన్... అందరూ తలలూపుతారు. పేరు మాత్రం చెప్పలేదు, గుర్తుంచుకోండి.

మొన్న ఒకాయన వచ్చాడు. "దొంగ దస్తావేజు పుట్టించాను, కేసు పడింది, కాపాడండి" అని ఉంటే ఆ మాట నా కడుపులోనే ఉండాలి. చట్టంలో ఉన్న ఉదాహరణే అది. ఆయన అడిగింది వేరు: పాత తేదీ స్టాంపు పేపరు సంపాదించి, దాంతో తమ్ముడి భాగం మీద దావా వేయాలట. జరగబోయే మోసానికి ఆ రక్షణ లేదు. పొమ్మన్నాను.

"పోతాను గానీ బాబూ, ఇది మన మధ్యే ఉండాలి" అన్నాడు.

మన మధ్య ఉన్నది తమరే కదా.

రాత్రంతా ఒకటే టెన్షన్. రక్షణ లేదంటే నేనే వెళ్ళి తమ్ముడికి చెప్పాలనా? కోర్టు అడిగేదాకా నోరు మూసుకోవాలనా? తెల్లారేసరికి తమ్ముడే ఫోన్ చేశాడు: "అన్నయ్య ఏదో స్టాంపు పేపరు కోసం తిరుగుతున్నాడట కదండీ?" నా ధర్మసందేహం తమరు తీర్చేశారు.

అందుకే తమరికి ఉద్వాసన. ఇటుక గోడ కట్టించాలని మేస్త్రీని పిలిపించాను. కారణం మాత్రం చెప్పలేదు. అతను టేపు పట్టి కొలుస్తూ, తల ఎత్తకుండానే అన్నాడు:

"ఆ స్టాంపు పేపరు గొడవేనా బాబూ?"