కారవాజ్జో చీకటి జోలికి రావద్దు

ఇప్పుడే ఒక పేజీలో చూశాను, ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో వేసిన 'సెయింట్ మత్తయికి పిలుపు' (సుంకం వసూలు చేసే మత్తయిని క్రీస్తు శిష్యుడిగా రమ్మని పిలిచిన ఘట్టం) బొమ్మకి బ్రైట్‌నెస్ పెంచేసి, నీడలన్నీ లేపేసి, "ఇప్పుడు అన్నీ క్లియర్‌గా కనిపిస్తున్నాయి చూడండి" అని పెట్టారు. కింద వరసగా చప్పట్లు.

ఏం కనిపిస్తోంది? ఆ బొమ్మ 1600 నాటికి రోమ్‌లోని సాన్ లుయిజీ దెయ్ ఫ్రాన్చేజీ చర్చిలో, ఒక చిన్న చాపెల్ (పక్కనుండే ప్రార్థన గది) ఎడమ గోడ కోసం వేసింది. అసలు కిటికీ బలిపీఠం పైన ఉంది. బొమ్మలో వెలుగు కూడా సరిగ్గా ఆ వైపు నుంచే వస్తుంది. బొమ్మ లోపల ఇంకో కిటికీ వేశాడు, దాంట్లోంచి చుక్క వెలుతురు రాదు. క్రీస్తు కుడివైపు దాదాపు నీడలోనే నిలబడి ఉంటాడు. ముఖం కొంచెం, చాచిన చెయ్యి, అంతే తెలుస్తాయి. ఆయన తల మీదుగా ఏటవాలుగా దిగిన వెలుగు బల్ల చుట్టూ ఉన్న సుంకరుల మీద పడుతుంది. ఎడమ చివర ఒక కుర్రాడు తల కూడా ఎత్తడు, నాణేల మీదే ధ్యాస. పిలుపు పక్కకే వచ్చినా వాడికి పట్టలేదు. ఈ కథ మొత్తం చెప్పేది ఆ వెలుగే. నీడ తీసేస్తే ఆరేడుగురు మనుషులున్న గది మిగులుతుంది.

కామెంట్లలో ఒకాయన, "రెంబ్రాంట్ బొమ్మని కూడా శుభ్రం చేశారు కదా" అన్నాడు. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ వేసిన 1642 నాటి 'నైట్ వాచ్' బొమ్మ సంగతి. అది పగటి దృశ్యమే, పైన పూసిన వార్నిష్ నల్లబడి రాత్రిలా కనిపించింది. 1940ల్లో తీసింది ఆ మసి వార్నిష్‌ని. రెంబ్రాంట్ వేసిన నీడని ఎవరూ ముట్టుకోలేదు. మురికికీ నీడకీ తేడా తెలియకుండా వాదనకి దిగుతారు!

అసలు నాకు ఇంతకంటే పాత కోపం ఒకటుంది. కారవాజ్జో తరహాలో వేసిన ఇటలీ చిత్రకారిణి ఆర్తెమీజియా జెంటిలెస్కి గురించి. ఆవిడ పేరెత్తితే చాలు, ఆవిడ మీద జరిగిన అత్యాచారం, 1612 విచారణ, చెప్పేది నిజమేనా అని ఆవిడ వేళ్లకే తాళ్లు బిగించి హింసించడం, ఇవే. అవి చెప్పాల్సినవే, కాదనను. కానీ ఆవిడ జీవితాంతం బొమ్మలు వేసింది. 1620ల్లో వేసిన జూడిత్ (శత్రు సేనాపతి తల నరికిన బైబిల్ కథలోని స్త్రీ) బొమ్మ ఒకటి అమెరికాలోని డెట్రాయిట్ మ్యూజియంలో ఉంది. ఒకే ఒక్క కొవ్వొత్తి. చేతిలో కత్తి ఇంకా అలాగే ఉంది, పనమ్మాయి తెగిన తలని సంచిలో కుక్కుతోంది. బయట ఏదో అలికిడి అయినట్టుంది, జూడిత్ మంటకి చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చేతి నీడ ఆవిడ ముఖం మీదే పడి సగం కప్పేసింది. మాట లేకుండా భయం, తెగువ రెండూ ఆ ఒక్క నీడలో పెట్టేసింది. కారవాజ్జో బాటలో నడిచిన చిత్రకారుల్లో అంత గొప్పగా నీడని వాడుకున్నవాళ్లు ఎందరున్నారు?

ఏ పోస్టులోనూ ఆ కొవ్వొత్తి గురించి ఒక్క ముక్క ఉండదు. కోర్టు కాగితాలు అంత శ్రద్ధగా చదివినవాళ్లు, ఆవిడ వేసిన బొమ్మ వైపు కన్నెత్తి చూడరెందుకు?