‘కడుపునొప్పి తాళలేక...’

జిల్లా పేజీ చదివే అలవాటున్న వాళ్లకు ఈ శీర్షిక కొత్త కాదు: ‘కడుపునొప్పి తాళలేక వివాహిత బలవన్మరణం’. ఏళ్ల తరబడి అచ్చేస్తూనే ఉన్నాం. ఇంతమందిని పొట్టన పెట్టుకున్న ఆ నొప్పి ఏమిటని ఒక్క డాక్టర్నయినా అడిగిన పాపాన పోలేదు.

ఆ మాట ఎక్కడి నుంచి వస్తుందో మాకు తెలుసు. ఎవరో ఒకరు స్టేషన్‌లో ఫిర్యాదు ఇస్తారు. చాలాసార్లు ఆ ఒకరు భర్తో, మామో, కాదంటే పరువు గురించి హడలిపోతున్న తండ్రో. ఆయన చెప్పింది పోలీసు రైటర్ రాసుకుంటాడు. అదే వాట్సాప్‌లో విలేకరికి చేరుతుంది. డెస్కుకు టైమవుతుంటుంది కాబట్టి ‘ఫిర్యాదుదారు చెప్పారు’ అన్న ముక్క దారిలో ఎక్కడో రాలిపోతుంది. తెల్లారేసరికి అదే అసలు కారణమై కూర్చుంటుంది. కడుపునొప్పి అంటే ఎవరినీ వేలెత్తి చూపనక్కర్లేదు మరి. పెళ్లయి ఏడేళ్లు నిండని మహిళ ఆత్మహత్య చేసుకుంటే మేజిస్ట్రేట్ అధికారం ఉన్న అధికారి విచారించాలని చట్టం చెప్పింది ఇంట్లోవాళ్ల మాటే ఆఖరి మాట కాకూడదనే. ఆ విచారణలో ఏం తేలిందో మళ్లీ వెళ్లి రాసిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

‘వివాహిత’ అన్న మాటా చూడండి. భార్య ఉన్న మగాడు చనిపోతే ‘వివాహితుడి ఆత్మహత్య’ అని రాయం. అతను రైతు, డ్రైవర్, టెకీ. ఆమెకు పెళ్లే ఉద్యోగం.

రైతు దగ్గరికి వచ్చేసరికి రాజకీయం దిగుతుంది. అధికారంలో ఉన్నవాళ్లు ‘కుటుంబ కలహాలు’ అంటారు, ప్రతిపక్షం ‘అప్పుల బాధ’ అంటుంది. కుర్చీలు మారితే మాటలూ చేతులు మారతాయి. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఇచ్చిన జీవో 421, పరిహారానికి ముందు ఎమ్మార్వో, ఎస్సై, వ్యవసాయాధికారి కలిసి కారణం తేల్చాలని చెప్పింది. అంటే ఆ ఇంటికి సాయం అందడం, అందకపోవడం ఒక పదం మీద ఆధారపడింది. కౌలు రైతుకు పాస్‌బుక్ ఉండదు, అప్పంతా నోటిమాట మీదే. రుజువు లేదు గనక చివరికి మిగిలేది కలహమే. అప్పులోళ్లు గుమ్మంలో నిలబడ్డ ఇంట్లో కలహం లేకుండా ఎలా ఉంటుంది? జాతీయ నేర రికార్డుల బ్యూరో 2022లో నమోదు చేసిన 1,70,924 ఆత్మహత్యల్లో 31.7 శాతం ‘కుటుంబ సమస్యలు’ అన్న గడిలో, 18.4 శాతం ‘అనారోగ్యం’ అన్న గడిలో పడ్డాయి. సగం చావులు ఈ రెండు గడుల్లోనే. వాటిని నింపేదీ స్టేషన్ కాగితాలే.

ఇక ‘ఆత్మహత్యకు పాల్పడ్డాడు’. దోపిడీకి పాల్పడతారు, అక్రమాలకు పాల్పడతారు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. 2024 జులైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షనే లేదు. చట్టం వదిలేసినా మా క్రియాపదం వదల్లేదు. ఎలా చనిపోయారో వివరంగా రాయొద్దని ప్రెస్ కౌన్సిల్ 2019లో చెప్పింది. వియన్నాలో 1987లో పత్రికలు మెట్రో రైలు ఆత్మహత్యల వార్తలు రాసే తీరు మార్చుకున్నాక అక్కడ అలాంటి చావులు బాగా తగ్గాయి. మేము మాత్రం ఏ మందు, ఎంత అన్నదాకా రాసుకుంటూ పోయాం.

ఈ సంపాదకీయం రాస్తుండగానే ఒక జిల్లా నుంచి అలాంటి వార్తే వచ్చింది. కడుపునొప్పి, వివాహిత, పాల్పడింది, అన్నీ ఉన్నాయి. ‘అని భర్త పోలీసులకు చెప్పారు’ అని చేర్చాం. కింద మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఇచ్చాం. సింగిల్ కాలమ్‌లో రెండు లైన్లు ఎక్కువయ్యాయి. ఆమె ఎలా చనిపోయిందో చెప్పే లైన్లు తీసేస్తే సరిపోయింది.