సంచికలో అమ్మ ఎక్కడ?

మా మామగారు పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకం నాటికి స్మారక సంచిక తేవాలని మా ఆవిడా, బావమరిదీ సోంపేట దగ్గర వాళ్ళ ఊళ్ళో, వసారాలో ప్రూఫులు ముందేసుకుని కూర్చున్నారు. ఆయన రెండుసార్లు సర్పంచి. నలభై ఏళ్ళు ఒకే పార్టీ. పత్రికలకు వ్యాసాలు రాశారు, ఊళ్ళో పఠన మందిరం కట్టించారు, ఉద్దానం కిడ్నీ రోగులకు విశాఖ వెళ్ళే దారి ఖర్చులిచ్చారు. అత్తయ్య లోపల గదిలో పడుకుని ఉంది, నిద్రపోతోందనుకున్నాం. నేను అల్లుణ్ణి, మధ్యలో మాట్లాడితే ఇద్దరికీ లోకువ. అందుకని విన్నది మాత్రం రాస్తున్నాను. మా వైపు అక్కని అప్ప అంటారు, అదే పేరు పెట్టాను.

అప్ప: తొంభై ఆరు పేజీలు చదివానురా. అమ్మ రెండుసార్లు కనబడింది. ఒకసారి పెళ్ళి తేదీ దగ్గర, ఒకసారి "సహధర్మచారిణి సహకారంతో" అని.

తమ్ముడు: ఇది ప్రజా జీవితం గురించి వేస్తున్న సంచిక అప్పా. స్వాతంత్ర్య యోధుడు గౌతు లచ్చన్న గారి గురించి రాసేవాళ్ళు 1930లో ఉప్పు సత్యాగ్రహం రాస్తారు, జమీందారీల మీద రైతుల పోరాటం రాస్తారు. ఇంట్లో ఆ పూట పొయ్యి ఎవరు వెలిగించారో రాస్తారా?

అప్ప: రాయకపోవడం మంచిదని ఎవరన్నారు? అదే మందస జమీందారీ పోరాటంలో, 1940లో, గుడారి రాజమణిపురంలో పోలీసులు కాల్చింది ఎవర్ని? గున్నమ్మని. నిండు గర్భిణి. ఎన్ని సభలు జరిగాయో, ఎన్ని తీర్మానాలు చేశారో ఇవాళ ఎవరికీ గుర్తు లేదు. ఆవిడ పేరు మాత్రం ఈ చుట్టుపక్కల చిన్నపిల్లలకి కూడా తెలుసు.

తమ్ముడు: గున్నమ్మ పోరాటంలో నిలబడింది. అమ్మ ఇంట్లో ఉంది.

అప్ప: ఇంట్లో ఉండే నిలబడిందిరా! నాన్న నోటు పుస్తకాలు నలభై ఒకటి ఉన్నాయి, నువ్వు వ్యాసాలున్న తొమ్మిదే చూశావు. మిగతావి లెక్కలు. ఇదిగో, 1984. "పఠన మందిరం కప్పుకి, మీ అమ్మ గొలుసు, 1,800." ఆయన చేత్తో ఆయనే రాసుకున్నాడు. నీ సంచికలో ఏముంది? "సొంత నిధులతో నిర్మించారు" అని. ఎవరి సొంతం?

(మా ఆవిడకి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఈ మాటకి బాగా తగ్గింది.)

తమ్ముడు: సరే, ఆ గొలుసు సంగతి వేద్దాం. జనం ఏమనుకుంటారు? చచ్చిపోయిన మనిషి పేరు చెప్పి పిల్లలు తమ త్యాగాలు ఏకరువు పెడుతున్నారంటారు. డయాలసిస్‌కి రెండు వందల కిలోమీటర్లు బస్సులో వెళ్ళి, మర్నాడు తిరిగొచ్చిన మనుషులు ఆ సభకి వస్తున్నారు అప్పా. పలాసలో ఆసుపత్రి రాకముందు వాళ్ళు పడిన అవస్థ నువ్వు చూడలేదు, నేను చూశాను. నాన్న వాళ్ళని బస్సెక్కించి, ఆ వారం ఇంట్లో పాలు మానిపించేవాడు. వాళ్ళ ముందు మన గొలుసు లెక్క చదవనా?

అప్ప: పాలు మానింది ఎవరు?

తమ్ముడు: అందరం.

అప్ప: నువ్వు మానలేదు. నీకు గ్లాసు వచ్చేది. అమ్మ టీ మానేసింది, నేను మానేశాను. నీకు తెలియకుండా మానేశాం, అందుకే నీకు గుర్తు లేదు.

(ఇక్కడ కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. తర్వాత బావమరిది ఇంకో పుస్తకం తీశాడు. అతనూ ఊరికే రాలేదని అప్పుడు తెలిసింది.)

తమ్ముడు: అన్నీ రాయాలి అంటావు కదా? అయితే ఇది కూడా రాద్దాం. 2010 జులై 14, సోంపేట బీల చిత్తడి నేలల్లో పోలీసు కాల్పులు. థర్మల్ ప్లాంటు వద్దని జనం అడ్డం పడిన రోజు. ఆ రాత్రి నాన్న పార్టీకి రాజీనామా రాశాడు. రెండు పేజీలు. అంత బాగా ఆయన ఇంకెప్పుడూ రాయలేదు. ఇందులోనే మడతపెట్టి ఉంది. పంపలేదు.

అప్ప: ఇది నాకు ఎప్పుడూ చూపించలేదేటి?

తమ్ముడు: చూపిస్తే ఏం చేసేదానివి? ఆయన బీల దీక్షలో కూర్చున్నాడని మాత్రం రాసి, ఉత్తరం మడతలో వదిలేశాను. మనకి ఆ పార్టీ వాళ్ళు వేదిక మీదకి వస్తున్నారు. గొలుసు వేయడం ధైర్యం అయితే, ఇది వేయడం ఏమిటి?

అప్ప: ...అది వద్దురా. అది ఆయన తనలో తాను పడిన బాధ. పంపలేదంటే ఏదో కారణం ఉండి ఉంటుంది.

తమ్ముడు: గొలుసు మాత్రం అందరిదీ?

అప్ప: ఉత్తరం ఆయనది. ఆయన్ని ఇప్పుడు అడగలేం. గొలుసు అమ్మది.

తమ్ముడు: మరి అమ్మని అడిగావా?

మా ఆవిడ దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే ఇద్దరూ అడగలేదు. తొంభై ఆరు పేజీల ప్రూఫులు అచ్చాఫీసు నుంచి వచ్చి, ఎర్ర సిరా దిద్దుబాట్లతో వెళ్ళి, మళ్ళీ వచ్చాయి గానీ, పక్క గదిలో ఉన్న మనిషికి ఎవరూ చదివి వినిపించలేదు.

లోపల మంచం కిర్రుమంది. అత్తయ్య గోడ పట్టుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఆ లెక్క తప్పు," అంది. "పద్దెనిమిది వందలు కాదు. గొలుసుకి రెండువేల రెండొందలు వచ్చింది. మీ నాన్నకి తక్కువ చెప్పాను."

"మిగతా నాలుగొందలు?" అన్నాడు బావమరిది.

అత్తయ్య కూతురి వైపు చూసింది. "శ్రీకాకుళంలో డిగ్రీలో చేరావు కదా, హాస్టలుకి ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నావు? మీ నాన్న ఆ నెల కూడా కప్పుకే ఇచ్చేశాడు."

బావమరిది ఎర్ర కలం తీసి 1,800 కొట్టేశాడు. కొత్త అంకె వేయబోయి ఆగాడు. "ఎంత వేయమంటావమ్మా?"

"నాన్నది నాన్న రాసుకున్నట్టే ఉంచు," అంది అత్తయ్య. "పక్కన నాది వేయి."