ఏ చుక్క పెట్టమంటారు?

కొత్తవాళ్లతో మాట్లాడటం కంటే పాత ఆడిట్ ఫైళ్లు దులపడమే మా బావకి ఇష్టం. అకౌంట్స్ ఉద్యోగంలో ఇన్నేళ్లూ ఆ సుఖానికి లోటు రాలేదు. అంకెలు ఎదురుపడి "ఏంటి విశేషాలు?" అని అడగవు కదా. అలాంటి మనిషికి నలభై దాటాక డేటా ఎనలిటిక్స్ మీద మనసైంది. కోర్సు చేశాడు, సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు, రెజ్యూమే దిద్ది కనబడిన ప్రతి ప్రకటనకీ పంపాడు. బావిలో రాయి వేస్తే బుడుంగుమని చప్పుడైనా వస్తుంది. ఇక్కడ అదీ లేదు. చివరికి కోర్సు చెప్పిన మేడమ్ తేల్చేసింది: "అప్లికేషన్లు ఇక చాలండీ. నలుగురినీ కలవండి. నెట్‌వర్కింగ్ చేయండి."

ఆయన నలుగురినీ కలవలేదు. నలుగురినీ కలవడం మీద వచ్చిన పరిశోధనలు చదవడం మొదలుపెట్టాడు.

రాత్రి పదకొండు దాటాక నాకు ఫోన్.

"ఒరేయ్, గ్రానోవెటర్ అని ఒక సోషియాలజిస్టు ఉన్నాడ్రా. 1973లో వ్యాసం రాశాడు. ఉద్యోగం సంగతులు ప్రాణస్నేహితుల వల్ల కంటే ముఖపరిచయం ఉన్నవాళ్ల వల్లే ఎక్కువ తెలుస్తాయట."

"అదెలా?"

"దగ్గరివాళ్లకి తెలిసినవి మనకీ తెలిసే ఉంటాయి. దూరపువాళ్లు వేరే గుంపులో తిరుగుతారు, వేరే కబుర్లు వింటారు. పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లని ఆయన అడిగితే, ఆ కబురు చెప్పిన మనిషిని తరచూ కలిసేవాళ్లమన్నది నూటికి 17 మంది కూడా లేరు. మిగతావాళ్లంతా ఎప్పుడో ఒకసారి, లేదా చాలా అరుదుగా కలిసేవాళ్లే."

"అయితే నీకు తిరుగులేదు బావా. నీవన్నీ ముఖపరిచయాలే. ఒక్కటీ ముదరనివ్వలేదు నువ్వు."

అవతల కాసేపు మాట లేదు. "అదే నేనూ అనుకుంటున్నా," అన్నాడు. గొంతులో కొత్త హుషారు.

మర్నాడు ఇంకో పరిశోధన దొరికింది. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిందట. ఉద్యోగ పరిచయాల వెబ్‌సైట్ లింక్డ్‌ఇన్‌లో దాదాపు రెండు కోట్ల మంది మీద ఐదేళ్ల పాటు చేసిన ప్రయోగాలు. బొత్తిగా తెలియనివాళ్లు లాభం లేదు, మరీ దగ్గరివాళ్లూ లాభం లేదు, మధ్యస్తంగా తెలిసినవాళ్లు కావాలని తేలిందట. అంటే ఇద్దరికీ ఉమ్మడిగా ఓ పదిమంది దాకా తెలిసి ఉండాలి. దాంతో ఆయన స్ప్రెడ్‌షీట్ తెరిచాడు. ఎవరితో ఎంతమంది ఉమ్మడి పరిచయస్తులో లెక్కలు కట్టాడు, వరసలకి రంగులు వేశాడు. ఆ షీటులో ఉన్న ఒక్కరికీ మెసేజ్ పెట్టలేదు గానీ, షీటు మాత్రం చూడముచ్చటగా ఉంది.

ఇది మా అక్క కంటపడింది. ఆ వారంలోనే ఓ సాయంత్రం ఉద్యోగాలు ఇచ్చేవాళ్లూ, వెతుక్కునేవాళ్లూ కలుసుకునే సమావేశం ఒకటుందని ఆవిడే కనిపెట్టి, ఆయన పేరు నమోదు చేసేసింది. "ఏమండీ, మీరు వెళ్లకపోతే మీ బదులు నేను వెళ్లి మీ గురించి మాట్లాడి వస్తాను," అంది. అక్క ఏం మాట్లాడుతుందో తెలిసినవాడు కాబట్టి బావ ఒప్పుకున్నాడు.

ముప్పై సెకన్లలో తనని తాను పరిచయం చేసుకోవాలని ఎక్కడో చదివి అద్దం ముందు సాధన చేశాడు. అద్దంలో కూడా అవతలి మనిషి కళ్లలోకి చూడలేకపోయాడు. "అందరూ నన్నే చూస్తారేమోరా" అని ఒకటే టెన్షన్. ఈసారి పరిశోధన నేను తీశాను. గిలోవిచ్ అనే సైకాలజిస్టు బృందం 2000లో ప్రచురించిన ప్రయోగం అది. కాలేజీ కుర్రాళ్లకి సిగ్గేసే బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి జనం ఉన్న గదిలోకి పంపారు. గదిలో సగం మంది దాకా తమ టీషర్టు గమనించి ఉంటారని వాళ్లు అనుకున్నారు. నిజానికి గమనించింది పావు వంతు మందే.

"చూశావా, ఎవరూ పట్టించుకోరు."

"పావు వంతు మంది చూశారుగా!" అన్నాడు బావ.

ఆ రోజు మధ్యాహ్నం తలనొప్పిగా ఉందని మేనేజర్‌ని సెలవు అడిగాడు. రెండు గంటల పర్మిషన్‌కి నాలుగు ప్రశ్నలు వేసే మనిషి, చేతి గడియారం చూసుకుని, "వెళ్లు వెళ్లు, పడుకో. నాకూ క్లయింట్ మీటింగుంది, బయల్దేరుతున్నా," అన్నాడట. ఆ దయకి బావ కాస్త సిగ్గుపడ్డాడు కూడా.

మొహమాటస్తులు ఇలాంటిచోటికి జనం చేరకముందే వెళ్లాలని సలహాలిచ్చేవాళ్లందరూ చెబుతారు. మంచి సలహానే. పదిమంది గుంపులోకి చొరబడటం కంటే ఒంటరిగా ఉన్న ఒక్కరిని పలకరించడం సులువు. మా బావ దాన్ని ఎంత శ్రద్ధగా పాటించాడంటే, ఆయన వెళ్లేసరికి హాల్లో కుర్చీలు కూడా వేయలేదు. గుమ్మం దగ్గర బల్ల మీద ఒకమ్మాయి బ్యాడ్జీలు పరుస్తోంది.

"సార్, మీరు వాలంటీరా?"

కాదు అనాలి. కానీ కాదంటే మరి ఎవరు అని అడుగుతుంది. అప్పుడు ఆ ముప్పై సెకన్ల ఉపన్యాసం బయటికి తీయాలి. ఈ లెక్కంతా తలలో తిరిగేలోపు నోరు "ఆఁ" అనేసింది.

"హమ్మయ్య! కాస్త ఇక్కడ కూర్చోండి సార్, మైకు పని చేయట్లేదట, చూసొస్తా." ఆ వెళ్లిన అమ్మాయి మళ్లీ సభ ముగిశాకే కనిపించింది.

బల్ల మీద పేర్ల జాబితా, బ్యాడ్జీల పెట్టె, గుండ్రటి స్టిక్కర్లు రెండు రంగులవి. ఉద్యోగాలు ఇచ్చేవాళ్లకి ఆకుపచ్చ చుక్క, వెతుక్కునేవాళ్లకి పసుపు చుక్క. వచ్చిన ప్రతివాళ్లనీ అడగాల్సింది రెండే ముక్కలు: "మీ పేరండీ?", "ఏ చుక్క పెట్టమంటారు?" ఇంకేముంది, మా బావ విజృంభించాడు. బ్యాడ్జీలని అక్షరక్రమంలో పేర్చాడు. వరస తప్పినవాళ్లని వరసలో పెట్టాడు. తన బ్యాడ్జీకి పసుపు చుక్క అంటించుకుని, దాన్ని చొక్కా జేబులో దాచుకున్నాడు. నా ఉద్దేశంలో చాలామంది మొహమాటస్తులకి మాటలు లేక కాదు, ఏ హోదాలో నోరు విప్పాలో తెలియక ఇబ్బంది. కుర్చీ, బల్ల, చేతిలో పెన్ను ఇచ్చి చూడండి, అప్పుడు ఆపడం కష్టం.

ఒకావిడ బ్యాడ్జీలో పేరులోంచి ఒక అక్షరం ఎగిరిపోయింది. బావ కొత్త కార్డు తీసి పేరు గుండ్రంగా రాసి, సిరా ఆరేదాకా ఊది ఇచ్చాడు. ఆవిడ కదలకుండా అక్కడే నిలబడి, "మీరేం చేస్తుంటారండీ?" అంది. ముప్పై సెకన్ల పాఠం పూర్తిగా మరిచిపోయి ఆయన, "ఈ జాబితా చూడండి మేడమ్, ఒకే మనిషి రెండు ఈమెయిళ్లతో రెండుసార్లు ఉన్నాడు. ఇలాంటివి చాలా ఉన్నాయి. వచ్చే జనం వీళ్లు అనుకున్నదాని కంటే బాగా తక్కువ. కుర్చీలు అనవసరంగా ఎక్కువ వేస్తున్నారు," అని వాపోయాడు. ఆవిడ నవ్వింది. ఒక డేటా టీమ్ నడుపుతుందట. "మా దగ్గర సగం పని ఇదేనండీ," అని తన కార్డు బల్ల మీద పెట్టి వెళ్లింది.

ఈ ఊపులో తల వంచుకునే, "మీ పేరండీ?" అన్నాడు బావ.

తెలిసిన పేరు. తెలిసిన గొంతు. తల ఎత్తితే ఎదురుగా మేనేజర్.

ఇద్దరూ నోట మాట లేకుండా కాసేపు ఒకరినొకరు చూసుకున్నారు. వెనక వరస పెరుగుతోంది. ఎవరో దగ్గారు. ఇలాంటప్పుడు మనిషికి అలవాటే దిక్కు. "ఏ చుక్క పెట్టమంటారు సార్?" అన్నాడు మా బావ.

మేనేజర్ ఎడమ పక్కకి చూశాడు, కుడి పక్కకి చూశాడు, చిటికెన వేలు మెల్లగా పసుపు చుక్క మీద ఆనించాడు. బావ దాన్ని వంకర పోకుండా అంటించి ఇచ్చాడు. ఆ తర్వాత ఇద్దరూ ఒకరి కంట ఒకరు పడకుండా సాయంత్రం గడిపారు. హాలు చిన్నది కావడంతో అందుకు చాలా శ్రమపడాల్సి వచ్చిందట.

రాత్రికి రాత్రే, కార్డు ఇచ్చి వెళ్లినావిడకి మెసేజ్ పెట్టాడు. పరిచయమైన ఒకటి రెండు రోజుల్లోనే, ఎక్కడ కలిశామో గుర్తుచేస్తూ రెండు మూడు వాక్యాలు రాయాలి, ఉద్యోగం అడక్కుండా ఓ ఇరవై నిమిషాల సమయం అడగాలి అన్నది నెట్‌వర్కింగ్‌లో పాత సూత్రం. "మీ పేరులో పోయిన అక్షరం రాసిచ్చినవాణ్ణి. మీ టీమ్ పని గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాలని ఉంది," అని రాశాడు. అద్దం ముందు సాధన చేసినదాంట్లో ఒక్క ముక్క లేదు. బావ ఫోన్ పక్కన పెట్టేలోపే, గురువారం ఫోన్ చేయమని జవాబు వచ్చింది.

మర్నాడు ఆఫీసులో మేనేజర్ గదిలోంచి పిలుపు. తలుపు వేసి రమ్మన్నాడు.

"తలనొప్పి తగ్గిందా?"

"తగ్గింది సార్. మీ క్లయింట్ మీటింగ్?"

"బాగానే జరిగింది."

మేనేజర్ పేపర్‌వెయిట్‌ని అటూ ఇటూ తిప్పాడు. కిటికీలోంచి బయటికి చూశాడు. గొంతు సవరించుకున్నాడు. బావ సంగతి ఆయన అప్పుడే కొత్తగా కనిపెట్టాడో, తన సంగతే బయటపెట్టాడో గానీ, స్వరం బాగా తగ్గించి అడిగాడట:

"వచ్చే నెల కూడా మీటింగ్ ఉందటగా. ఆ బల్ల దగ్గర ఇంకో కుర్చీకి చోటుంటుందా?"