ఒక్క రాజు, ఒక్క మీటింగు, అంతే క్రైస్తవం తయారైపోయిందా? నైసియా ఫార్వర్డ్‌కి నా జవాబు

డిసెంబర్ వచ్చిందంటే చాలు, మా స్కూల్ బ్యాచ్ గ్రూపులో ఆ ఫార్వర్డ్ మళ్ళీ తేలుతుంది, ఈసారి మా చర్చి యూత్ గ్రూపులోకి కూడా వచ్చింది, ఒక తమ్ముడు భయపడిపోయి "అన్నా ఇది నిజమేనా" అని నాకు పంపాడు. చదవని వాళ్ళ కోసం అందులో ఉన్నది చెప్తాను. క్రీ.శ. 325లో కాన్‌స్టంటైన్ అనే రోమన్ చక్రవర్తి నైసియా ఊళ్ళో బిషప్పులందర్నీ కూర్చోబెట్టి ఓటింగ్ పెట్టి యేసుని దేవుణ్ణి చేశాడంట, అప్పటిదాకా అందరూ ఆయన్ని మామూలు గురువుగానే చూశారంట, అదే మీటింగులో వందల సువార్తల్లోంచి నాలుగు ఉంచి మిగతావి తగలబెట్టారంట, శనివారాన్ని ఆదివారం చేసి, క్రిస్మస్ కనిపెట్టి, క్రైస్తవాన్ని రాజ్యమతం చేసేశారంట, కాబట్టి మీరు ఇవాళ నమ్మేదంతా ఒక రాజు రాసిచ్చిందే అని ముగుస్తుంది.

నేను విశ్వాసినే, దాచుకునేది ఏం లేదు. కానీ ఇది విశ్వాసం గొడవ కాదు, ఏసుని నమ్మని వాళ్ళు కూడా చరిత్ర చరిత్రగా చూస్తే ఈ ఫార్వర్డ్ నిలబడదు. ఒక్కో మాట తీసుకుని చూద్దాం.

మొదటిది, 325 దాకా యేసు మామూలు మనిషే అన్న మాట. క్రీ.శ. 112 ప్రాంతంలో ప్లినీ అనే రోమన్ గవర్నరు ట్రేజన్ చక్రవర్తికి ఒక ఉత్తరం రాశాడు. ఆయన క్రైస్తవుడు కాదు, వాళ్ళని పట్టుకుని శిక్షించే ఆఫీసరు. విచారణలో తేలింది రాస్తూ, వీళ్ళు ఒక నిర్ణీత రోజున తెల్లారకముందే కూడుకుని క్రీస్తుకి దేవుడికి పాడినట్టు పాట పాడుతున్నారు అన్నాడు. అంటే నైసియాకి రెండొందల ఏళ్ళ ముందే, అదీ శత్రువు నోటి మాట. అదే కాలంలో అంతియొకయ బిషప్ ఇగ్నేషియస్ తన ఉత్తరాల్లో "మన దేవుడైన యేసు క్రీస్తు" అని రాసుకుంటూ పోయాడు. ఇంకొకటి నాకు బాగా ఇష్టమైనది, ఇజ్రాయెల్‌లో మెగిద్దో దగ్గర జైలు ఆవరణలో 2005లో తవ్వకాల్లో ఒక ప్రార్థనా మందిరం నేల బయటపడింది, చిన్న చిన్న రాళ్ళతో పరిచిన నేల, అందులో అకెప్టూస్ అనే ఆవిడ "దేవుడైన యేసు క్రీస్తు"కి జ్ఞాపకంగా ఈ బల్ల ఇచ్చింది అని గ్రీకులో రాసి ఉంది. తవ్విన వాళ్ళు దాన్ని మూడో శతాబ్దం నాటిది అంటున్నారు. ఇక యోహాను సువార్త మొదటి వాక్యమే "వాక్యము దేవుడై యుండెను", అదే సువార్త చివర్లో తోమా "నా ప్రభువా, నా దేవా" అంటాడు, ఇవన్నీ కాన్‌స్టంటైన్ తాత కూడా పుట్టకముందు రాసినవి.

మరి నైసియాలో గొడవ దేని గురించి? ఇక్కడే ఫార్వర్డ్ రాసినవాడికి అసలు విషయం తెలీదని తెలిసిపోతుంది. ఏరియస్ అని అలెగ్జాండ్రియాలో ఒక చర్చి చూసుకునే పెద్ద ఉండేవాడు, మంచి మాటకారి. ఆయన కూడా యేసు మామూలు మనిషి అనలేదు! సృష్టి కంటే ముందే కుమారుడు ఉన్నాడు, ఆయన ద్వారానే లోకం కలిగింది అనే నమ్మాడు. కానీ ఆ కుమారుణ్ణి కూడా తండ్రి శూన్యంలోంచి చేశాడు, "ఆయన లేని కాలం ఒకటి ఉంది" అన్నాడు. "తండ్రి నాకంటె గొప్పవాడు" అన్న వాక్యం ఆయన పక్షం వాళ్ళకి పెద్ద ఆధారం. ఆయన పైనున్న బిషప్ అలెగ్జాండర్ మాత్రం దాన్ని ఒప్పుకోలేదు, కుమారుడు తండ్రితో పాటు నిత్యం ఉన్నవాడే అన్నాడు. అంతే, అది రాజుకుంది. ఏరియస్ తన వాదాన్ని పాటలుగా కట్టి ఓడల మీద పనిచేసేవాళ్ళకి, తిరగలి తిప్పేవాళ్ళకి నేర్పించాడని పాత చరిత్రకారులు రాశారు.

ఇందులో కాన్‌స్టంటైన్ ఏమన్నాడో చూడండి. 324లో తూర్పు భాగాన్ని ఏలుతున్న లిసినియస్‌ని ఓడించి తూర్పు మొత్తం చేతికొచ్చాక ఈ గొడవ సంగతి తెలిసి, కార్డోబా బిషప్ ఓసియస్ చేత ఇద్దరికీ కలిపి ఒక ఉత్తరం పంపాడు. దాని సారాంశం ఏంటంటే, ఇంత చిన్న విషయానికి ఎందుకు కొట్టుకుంటున్నారు, ఎవరి అభిప్రాయం వాళ్ళు మనసులో పెట్టుకుని కలిసుండండి అని. యేసుని దేవుణ్ణి చేయడానికి కుట్ర పన్నినవాడు రాసే ఉత్తరమా ఇది? ఆయనకి కావాల్సింది రాజ్యంలో గొడవ లేకపోవడం, సిద్ధాంతం ఏదైనా ఫర్వాలేదు.

ఓటింగ్ సంగతి. నైసియా అంటే ఇప్పుడు టర్కీలో ఉన్న ఇజ్నిక్. అక్కడికి వచ్చిన బిషప్పులు 250 పైనే అని అక్కడే ఉన్న సిజేరియా బిషప్ యూసేబియస్ రాశాడు, మన సంప్రదాయంలో 318 అంటారు, అది ఆదికాండంలో అబ్రాహాము వెంట వెళ్ళిన 318 మందిని గుర్తుచేసే లెక్క. కుమారుడు తండ్రితో ఒకే సారం గలవాడు అనే విశ్వాస ప్రమాణం అక్కడ రాశారు, చివరికి దాని మీద సంతకం పెట్టనన్న బిషప్పులు ఎంతమంది? ఇద్దరు. సెకుండస్, థియోనస్, ఇద్దరూ లిబియా వైపు వాళ్ళే. ఏరియస్‌తో పాటు ఆ ఇద్దర్నీ ప్రవాసం పంపారు. అంటే ఏదో కొద్ది ఓట్ల తేడాతో నెగ్గించారు అనుకోవడానికి చోటే లేదు. అయితే ఒకటి నిజాయితీగా ఒప్పుకోవాలి, సంతకం పెట్టకపోతే దేశం వదలాలి అని తెలిసి పెట్టిన సంతకాలు కొన్ని అందులో ఉన్నాయి, రాజు ఖర్చులు పెట్టి ప్రభుత్వ బండ్ల మీద రప్పించి, తనే సభ మొదలుపెట్టి మధ్యలో కూర్చున్నాడు, ఆ ఒత్తిడి లేదని నేను అనను. అక్కడికి వచ్చినవాళ్ళలో ఇరవై ఏళ్ళ కింద డయొక్లీషియన్ చక్రవర్తి మొదలుపెట్టిన హింసల్లో కన్ను పోయినవాళ్ళు, చేతులు కాలినవాళ్ళు ఉన్నారని కూడా చరిత్రలో ఉంది, వాళ్ళందరూ రాజు కళ్ళెర్ర చేస్తే నమ్మకం మార్చుకునే రకం అనుకోవడం మాత్రం కష్టం.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన పాయింటు. రాజు ఒక్క మీటింగుతో అంతా తేల్చేశాడు అన్నారు కదా, ఆ మీటింగు అయ్యాక ఏం జరిగిందో ఫార్వర్డ్‌లో ఒక్క ముక్క లేదు. కొన్నేళ్ళకే కాన్‌స్టంటైన్ ఏరియస్‌ని వెనక్కి రప్పించాడు. అలెగ్జాండర్ తర్వాత అలెగ్జాండ్రియా బిషప్ అయిన అథనేసియస్, నైసియా పక్షానికి పెద్ద దిక్కు, ఆయన మీద 335లో టైరులో సభ పెట్టి పదవి తీసేశారు, ఈజిప్టు నుంచి కాన్‌స్టాంటినోపుల్‌కి వెళ్ళే గోధుమ ఓడల్ని ఆపేస్తానన్నాడని ఫిర్యాదు చేశారు, కాన్‌స్టంటైన్ ఆయన్ని ఇప్పటి జర్మనీలో ఉన్న ట్రయర్‌కి తోలేశాడు. 337లో చనిపోయే ముందు కాన్‌స్టంటైన్‌కి బాప్తిస్మం ఇచ్చింది ఎవరు? నికోమీడియా బిషప్ యూసేబియస్ (సిజేరియా ఆయన వేరు, ఈయన వేరు), ఏరియస్‌కి మొదటి నుంచీ అండగా ఉన్నాయన! నైసియా నమ్మకాన్ని పుట్టించిన రాజు అని మీరు చెప్పే మనిషి చివరికి వెళ్ళి చేరింది అవతలి పక్షం చేతుల్లో.

ఆయన కొడుకు కాన్‌స్టాంటియస్ అయితే నైసియాకి నేరుగా వ్యతిరేకి. 359లో పడమటి బిషప్పుల్ని రిమినిలో, తూర్పు వాళ్ళని సెలూసియాలో కూర్చోబెట్టి నైసియాలో పెట్టిన ఆ "సారం" అన్న మాటే వద్దు అనే ప్రమాణం మీద సంతకాలు పెట్టించాడు. లోకమంతా మూలిగి తను ఏరియన్ (అంటే ఏరియస్ పక్షం) అయిపోయానని చూసుకుని ఆశ్చర్యపోయింది అని జెరోమ్ అనే క్రైస్తవ పండితుడు తర్వాత రాశాడు. అథనేసియస్‌ని అయిదు సార్లు తరిమారు, మొత్తం కలిపితే 17 ఏళ్ళు ప్రవాసంలోనే గడిచాయి. రాజుల బలంతోనే నెగ్గేదైతే నెగ్గాల్సింది ఏరియస్ పక్షం, ఎందుకంటే ఆ యాభై ఏళ్ళలో తూర్పున ఎక్కువ కాలం సింహాసనం వాళ్ళ వైపే ఉంది.

ఇక రక్తం సంగతి. 342లో కాన్‌స్టాంటినోపుల్‌లో పౌలు అనే బిషప్‌ని పంపేయడానికి వచ్చిన హెర్మోజెనెస్ అనే సేనాపతిని జనం చంపి వీధుల్లో ఈడ్చుకెళ్ళారు. 356లో అలెగ్జాండ్రియాలో రాత్రి ప్రార్థన జరుగుతుంటే సైనికులు చర్చిలోకి దూసుకొచ్చారు. 366లో రోములో డమాసస్, ఉర్సినస్ ఇద్దరూ బిషప్ పదవికి పోటీపడి వాళ్ళ మనుషులు కొట్టుకుంటే ఒక్క రోజులో ఒకే చర్చిలో 137 శవాలు దొరికాయని అమ్మియానస్ అనే చరిత్రకారుడు రాశాడు, ఆయన క్రైస్తవుడు కాదు. నాకు ఇది రాయడం సంతోషం కాదు. కానీ దీన్ని కాన్‌స్టంటైన్ అనే ఒక్క విలన్ మీద తోసేస్తే, తోటి విశ్వాసుల మీద చెయ్యెత్తిన మామూలు క్రైస్తవుల బాధ్యత ఎటుపోయింది? ఫార్వర్డ్ మన మతం మీద దాడి అని మావాళ్ళు అంటారు గానీ, నిజానికి అది మన అసలు తప్పుల్ని దాచి లేని తప్పు ఒకటి చూపిస్తోంది.

ఆ రోజుల్లో ఈ చర్చ బిషప్పుల దగ్గరే ఆగలేదు కూడా. నిస్సా గ్రెగొరీ అని ఒక బిషప్ కాన్‌స్టాంటినోపుల్ గురించి చెప్తూ, చిల్లర అడిగితే పుట్టినవాడు పుట్టనివాడు అని మొదలెడతారు, రొట్టె ధర అడిగితే తండ్రి పెద్ద, కుమారుడు చిన్న అంటారు, స్నానానికి నీళ్ళు సిద్ధమా అంటే కుమారుడు శూన్యంలోంచి వచ్చాడు అంటారు అన్నాడు. ఊరు ఊరంతా అడుగుతున్న ప్రశ్న అది, రాజు గదిలో కూర్చుని రాసింది కాదు.

సువార్తలు ఏరడం, తగలబెట్టడం. నైసియా సభ చేసిన తీర్మానాలు 20 ఉన్నాయి, ఇప్పటికీ దొరుకుతాయి. ఒక బిషప్‌ని నియమించాలంటే కనీసం ముగ్గురు బిషప్పులు ఉండాలి, సేవకులు వడ్డీ వ్యాపారం చేయకూడదు, ఆదివారం మోకాళ్ళూనకుండా నిలబడి ప్రార్థించాలి, ఇలాంటివి. బైబిల్లో ఏ పుస్తకాలు ఉండాలో ఒక్క దాంట్లో కూడా లేదు. నాలుగు సువార్తలే అని ఐరేనియస్ అనే బిషప్ క్రీ.శ. 180 ప్రాంతంలోనే గట్టిగా వాదించాడు. పోనీ నైసియాలో లిస్టు తేలిపోయిందా అంటే, తర్వాత పాతికేళ్ళకి యెరూషలేము బిషప్ సిరిల్ ఇచ్చిన లిస్టులో బైబిల్లో చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథమే లేదు, నాలుగో శతాబ్దం నాటి సైనాయ్ ప్రతి అనే చేతిరాత బైబిల్లో ఇప్పుడు మన బైబిల్లో లేని బర్నబా పత్రిక, హెర్మా కాపరి అదనంగా ఉన్నాయి. కొత్త నిబంధనలో మనం చదివే 27 పుస్తకాలు సరిగ్గా అలాగే మొదట కనిపించేది 367లో అథనేసియస్ ఈస్టరుకి రాసిన ఉత్తరంలో, అప్పటికి కాన్‌స్టంటైన్ చనిపోయి 30 ఏళ్ళు. కాన్‌స్టంటైన్ 50 బైబిళ్ళు రాయించి పంపమని సిజేరియా యూసేబియస్‌ని అడిగిన మాట నిజం, ఆ ఉత్తరంలో ఏ పుస్తకాలు పెట్టాలో, ఏవి తీసేయాలో లేదు. తగలబెట్టమన్న ఆజ్ఞ కూడా నిజమే! కానీ అది సువార్తల గురించి కాదు, ఏరియస్ రాతల గురించి, దాచుకున్నవాడికి మరణశిక్ష అన్నాడు. అది ఘోరమే, దాన్ని ఎవరూ సమర్థించకూడదు.

అసలు ఈ పుస్తకాల కథ ఎక్కడ పుట్టింది అంటే, నైసియా జరిగి ఐదొందల ఏళ్ళు దాటాక, తొమ్మిదో శతాబ్దం చివర్లో రాసిన ఒక గ్రీకు పుస్తకంలో, పుస్తకాలన్నీ బలిపీఠం దగ్గర పెట్టి ప్రార్థిస్తే దొంగవి కింద పడ్డాయి అని ఒక కట్టుకథ ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో వోల్టేర్ అనే ఫ్రెంచి రచయిత దాన్ని ప్రచారం చేశాడు, 2003లో వచ్చిన ఒక అమెరికన్ థ్రిల్లర్ నవల ఓటింగ్, బైబిలు కూర్పు రెండూ కాన్‌స్టంటైన్‌కి అంటగట్టి ప్రపంచమంతా తిప్పింది, మన వాట్సాప్‌కి వచ్చింది ఆ సరుకే.

ఆదివారం విషయం త్వరగా చెప్పేస్తా. 321 మార్చి 7న కాన్‌స్టంటైన్ ఆదివారం కోర్టులకి, ఊళ్ళల్లో పనులకి సెలవు ఇచ్చాడు, రైతులకి మాత్రం పని చేసుకోవచ్చు అన్నాడు. అది సెలవు చట్టం. క్రైస్తవులు ఆదివారం కూడుకుంటున్నారని జస్టిన్ అనే క్రైస్తవ రచయిత 150 ప్రాంతంలోనే వివరంగా రాశాడు. క్రిస్మస్‌ని నైసియా సభ ముట్టుకోనే లేదు, వాళ్ళు మాట్లాడింది ఈస్టర్ తేదీ గురించి.

రాజ్యమతం అయితే 313లో మిలాన్ నిర్ణయం క్రైస్తవులకీ మిగతా అందరికీ తమ తమ మతం పాటించుకునే హక్కు ఇచ్చింది, అంతే. నైసియా విశ్వాసాన్ని రాజ్యం మొత్తానికి తప్పనిసరి చేసింది థియొడోసియస్ చక్రవర్తి, 380 ఫిబ్రవరి 27న. తప్పు పట్టాలంటే ఆ ఆజ్ఞని పట్టండి, నేనూ మీతో కలుస్తా. అయిదేళ్ళకి 385లో ప్రిసిలియన్ అనే స్పెయిన్ బిషప్‌ని సాటి బిషప్పుల ఫిర్యాదు మీద ట్రయర్‌లో తల తీయించారు, అక్కడికి వెళ్ళి చంపొద్దు అని బతిమాలిన మార్టిన్ (ఫ్రాన్స్‌లోని టూర్స్ ఊరాయన) కూడా బిషప్పే.

చివరి మాట, "మీరు ఇవాళ నమ్మేది రాజు రాసిచ్చిందే" అన్నది. మా చర్చిలో బల్ల ఆదివారం (ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆదివారం) నాడు అందరం నిలబడి చెప్పే నైసియా విశ్వాస ప్రమాణం నిజానికి 325 నాటి మాటలు ఉన్నవి ఉన్నట్టు కాదు. 325 దాంట్లో "పరిశుద్ధాత్మను నమ్ముచున్నాము" అన్న దగ్గర ఆగిపోయి, తర్వాత ఏరియస్ మాటలు పలికేవాళ్ళ మీద శాపం ఉంటుంది. మనం చెప్పే రూపం 381 కాన్‌స్టాంటినోపుల్ సభది అంటారు, అందులో ఆ శాపం లేదు, పరిశుద్ధాత్మ గురించి, సంఘం గురించి, బాప్తిస్మం గురించి మాటలు చేరాయి. ఆ సభ జరిగేనాటికి కాన్‌స్టంటైన్ పోయి 44 ఏళ్ళు అయింది.